కొండవాలు మీద తవ్విన మౌంటెన్ బైక్ ట్రైల్ మొదటి వానకే కొట్టుకుపోయింది, ఇప్పుడేం చేయాలి?

వేరే దారి తీయండి. పాత దాంట్లో రాళ్ళు పోసి పూడ్చే పని పెట్టుకోవద్దు, వచ్చే వానకు ఆ రాళ్ళు కూడా కిందికే వస్తాయి.

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: స్థలం యజమాని సరేనన్నారు, నలుగురు స్నేహితులు కలిసి కొండ మీంచి కిందికి తిన్నగా మౌంటెన్ బైక్ దారి కొట్టారు, మొదటి పెద్ద వానకే నడిమధ్య మోకాలి లోతు గాడి పడింది. దాన్నే బాగుచేయాలా, కొత్తది తవ్వాలా, జంప్‌లు ఎప్పుడు కట్టుకోవచ్చు అని అడిగారు. కొన్నేళ్ళుగా నేనూ ఒక బృందంతో కలిసి ట్రైల్స్ తవ్వుతున్నాను, తవ్విన వాటి మీదే తొక్కుతున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నా.

తప్పు మీ మట్టిది కాదు. నీరు పల్లమెరుగు. కొండ మీద నీళ్ళు ఎటు దిగుతాయో సరిగ్గా అటే మీరు దారి తవ్విపెట్టారు, ఇంకేముంది, అది కాలువైంది. ట్రైల్ కొండవాలుకు అడ్డంగా సాగుతూ, కొద్దికొద్దిగా దిగాలి. అప్పుడు పైనుంచి వచ్చే నీళ్ళు దారిని అడ్డంగా దాటుకుని కిందికి పోతాయి, దారి వెంట పరుగెత్తవు.

ఎంత దిగొచ్చు అన్నదానికి ట్రైల్ కట్టేవాళ్ళు వాడే లెక్క ఒకటుంది: ట్రైల్ వాలు కొండ వాలులో సగం దాటకూడదు. వాలు శాతం అంటే మట్టంగా 100 మీటర్లు పోయేసరికి ఎన్ని మీటర్లు దిగుతామన్నది. కొండ 30 శాతం వాలుంటే ట్రైల్ 15 శాతం లోపు. అలాగని కొండ 60 శాతం ఉంటే 30 శాతం దారి వేస్తామంటే కుదరదు. మొత్తం మీద సగటు 10 శాతం దగ్గర ఉంచండి. చదునుగా ఉన్నచోట పని తేలిక అనుకుంటారు గానీ నన్నడిగితే అక్కడే ఎక్కువ తలనొప్పి. 8 శాతం వాలు మీద ట్రైల్ 4 శాతం దాటిందంటే నీళ్ళు దారి పట్టుకుంటాయి, అసలు వాలే లేకపోతే నిలిచి బురదవుతుంది. వాలు కొలవడానికి ఫోన్‌లో యాప్ చాలు. కాకపోతే అది శాతం చూపిస్తోందో డిగ్రీలు చూపిస్తోందో చూసుకోండి: 10 శాతం అంటే దాదాపు 6 డిగ్రీలే, 45 డిగ్రీలంటే ఏకంగా 100 శాతం.

ఇక అసలు పని. అది తవ్వడం కాదు, నడవడం. మా బృందంలో కొత్తగా చేరినవాళ్ళకు పార పట్టుకోవాలని మహా తొందర, కానీ మంచి ట్రైల్‌కు సగం శ్రమ జెండాలు పాతేటప్పుడే అయిపోతుంది. ముందు మీ దారి తప్పకుండా తాకాల్సిన చోట్లు గుర్తించండి: ఓ మంచి బండ, రెండు చెట్ల నడుమ సందు, వాగు దాటడానికి గట్టి అడుగున్న చోటు. తర్వాత అస్సలు పోకూడని చోట్లు: ఎప్పుడూ తడిగా ఉండే నేల, పక్షుల గూళ్ళున్న పొదలు, పక్కవాళ్ళ హద్దు. వీటి మధ్య చిన్న చిన్న రంగు జెండాలు పాతుకుంటూ వెళ్ళి, ఒకసారి కిందినుంచి పైకి, ఒకసారి పైనుంచి కిందికి నడవండి. కిందికి నడిచినప్పుడు ఎంతో బాగుందనిపించిన మలుపు పైకి ఎక్కేటప్పుడు ఊపిరి తీసేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాన పడుతుండగా గొడుగేసుకుని ఒకసారి వెళ్ళండి. ఏ గుంటలో నీళ్ళు చేరుతున్నాయో, ఏ బండ చుట్టూ తిరిగి ఎటు పోతున్నాయో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. జెండాలు పీకి మార్చడానికి నిమిషం పడుతుంది, తవ్విన దారి మార్చడానికి నెలలు.

తవ్వేటప్పుడు దారి వెడల్పంతా కొండను కోసే తీయాలి. సగం కోసి, ఆ మట్టినే దిగువ అంచున పోసి మిగతా సగం చేద్దామనిపిస్తుంది. ఆ పోసిన అంచు చక్రం బరువుకు జారిపోతుంది. పైనున్న ఆకుచెత్త, నల్లటి మెత్తని పొర మొత్తం గీకేయండి. కాలితో నొక్కితే స్పంజిలా దిగేదంతా పోవాలి. దాని కింద రంగు మారి గట్టి మట్టి తగులుతుంది, తొక్కాల్సింది దాని మీదే. గుప్పెడు తీసుకుని నొక్కి చూడండి: ఉండలా నిలిచి, వేలితో పొడిస్తే విరిగితే దిమ్మిస వేయడానికి సరైన తేమ. పొడిపొడిగా రాలితే ఎంత కొట్టినా కూర్చోదు, వాన కోసం ఆగాల్సిందే. ఎగువ వైపు కోతను నిటారుగా గోడలా వదలకుండా వెనక్కి ఏటవాలుగా చెక్కండి. దారి ఉపరితలం దిగువ అంచు వైపు 5 శాతం వంగాలి, అంటే మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్లు. పార, పలుగు, దంతె ఉంటే పని నడిచిపోతుంది. మెక్లౌడ్ (ఒకవైపు దంతె, ఒకవైపు పార), పులాస్కీ (ఒకవైపు గొడ్డలి, ఒకవైపు తవ్వే పలక) అనే పనిముట్లు దొరికితే సుఖం. అడవి మంటలకు అడ్డుగీత తవ్వడానికి వచ్చినవి అవి, రెండూ అమెరికా అటవీ ఉద్యోగుల పేర్ల మీద ఉన్నాయి.

ఆ 5 శాతం వంపు ఎల్లకాలం ఉండదు. టైర్లు పోయిపోయి దారి మధ్యలో దొప్పలా గుంట పడుతుంది, అప్పుడు నీళ్ళు మళ్ళీ దారినే పట్టుకుంటాయి. అందుకే ప్రతి 6 నుంచి 15 మీటర్లకు ఒకచోట, దిగుతున్న దారిని కొన్ని అడుగుల దూరం పైకెక్కించి మళ్ళీ దింపాలి. ఎంత నీరు చేరినా ఆ పల్లంలో బయటికి పోక తప్పదు. దుంగలు అడ్డం పాతితే చాలదా అని ఎవరో ఒకరు అంటారు. దుంగ వెనక ఒండ్రు నిండాక నీళ్ళు దాని మీంచే పోతాయి, పైగా తడిసిన దుంగ మీద టైరు జారితే పళ్ళు రాలతాయి.

తిన్నగా దిగడంలో మజా లేదని నేననను. ఈ ఆటకు పేరు తెచ్చిన పందెమే అలాంటి దిగుడు మీద జరిగింది: 1976లో కాలిఫోర్నియాలో మొదలైన రీప్యాక్ రేసు. రెండు మైళ్ళ దూరంలో సుమారు 1300 అడుగులు దిగేవాళ్ళు, వెనక చక్రం హబ్‌లోని బ్రేకు వేడెక్కి గ్రీజు కాలిపోయేది, ప్రతిసారీ కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. కానీ వాళ్ళు దిగింది అడవిలో అప్పటికే ఉన్న ఫైర్ రోడ్డు (మంటలార్పే బండ్లు పోవడానికి వేసిన మట్టి రోడ్డు) మీద. మీరు చేతులతో తవ్వి, ఏటేటా మీరే చూసుకోవాల్సిన దారి వేరు.

తవ్వాక మొదట నడవండి, తర్వాత మెల్లగా తొక్కండి, తర్వాతే వేగం. తొక్కుతూ నేను నేల మీద చూసేది బ్రేకు గుర్తులు. ఒకే చోట అందరి వెనక చక్రాలూ ఈడ్చుకుపోతున్నాయంటే వాళ్ళకు తొక్కడం రాక కాదు, మలుపుకు ముందు దారి వాళ్ళకు అక్కర్లేని వేగం ఇచ్చింది. అక్కడ మట్టి వదులై, వరసగా గతుకులు లేస్తాయి. మా దగ్గర ఒక మలుపుకు ఇదే జరిగితే బయటి గట్టు ఎత్తు పెంచుదామని కొందరన్నారు. మేం గట్టు జోలికి పోలేదు, మలుపుకు కాస్త ముందు దారిని ఓ చిన్న ఎక్కుడు ఎక్కించాం. వేగం దానంతటదే తగ్గింది, బ్రేకు గుర్తులు మాయమయ్యాయి, నీళ్ళూ అక్కడే బయటికి పోతున్నాయి.

జంప్‌లు ఒక వానాకాలం గడిచాక. దారి ఎక్కడ కుంగుతుందో, ఏ వేగంతో ఎక్కడికి వస్తున్నారో అప్పటికి తెలుస్తుంది. కట్టినప్పుడు నడుమ ఖాళీ లేకుండా పైన బల్లపరుపుగా కట్టండి, ఎగరలేనివాళ్ళు పైనుంచి దొర్లించుకుపోవచ్చు. తడి మట్టిని పొరపొరకూ దిమ్మిస వేస్తూ లేపాలి, ఒక్కసారే కుప్ప పోస్తే లోపల గుల్లగా ఉండిపోతుంది. మలుపు దాటగానే పెట్టకండి. ముందు ఎవరైనా పడి ఉంటే వెనకొచ్చేవాళ్ళకు కనిపించాలి.

పాత దారిని అలా వదిలేయకండి, వాన పడ్డప్పుడల్లా అది ఇంకా లోతవుతుంది. గాడిలో అక్కడక్కడా దుంగలు అడ్డంగా దిగ్గొట్టి నీటి వేగం తగ్గించండి, మధ్యలో మట్టి చేరి గడ్డి దానంతటదే మొలుస్తుంది. ట్రైల్‌లో అడ్డం పాతితే చెరుపు చేసే దుంగే ఇక్కడ మేలు చేస్తుంది. పైనా కిందా దారి కళ్ళబడే మొదటి కొన్ని మీటర్లను ముళ్ళకంపతో, ఎండు కొమ్మలతో పూర్తిగా కప్పేయండి, లేకపోతే కొత్త ట్రైల్ ఎంత బాగున్నా ఎవరో ఒకరు అందులోంచే దిగుతారు.