రాజీ మీ చేతిలో లేదమ్మా

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ట్యూషన్‌ మాస్టరు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కడెక్కడో చేతులు వేస్తున్నాడని మూడు వారాల కిందట చెప్పింది. నిలదీస్తే ‘తప్పయిపోయింది’ అని వాట్సాప్‌లో వాయిస్‌ మెసేజ్‌ పెట్టాడు. పెద్దమనుషులు రెండు లక్షలు ఇప్పిస్తాం, కాగితం రాసుకోండి అంటున్నారు. మా ఆయనకు పరువు భయం. మిగతా తల్లులు జాగ్రత్త పడతారని, పాప చేత జరిగిందంతా చెప్పించి వీడియో తీసి ట్యూషన్‌ గ్రూపులో పెట్టాను. ఇంత ఆలస్యమయ్యాక కేసు నిలుస్తుందా? రాజీ పడటమే మంచిదా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కృష్ణా జిల్లా

జవాబు: రాజీ పడాలా వద్దా అని తేల్చుకునే అధికారం మీకు లేదమ్మా. ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్‌ అంటోంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది మీ దంపతులకే కాదు, కాగితం రాయిస్తామన్న పెద్దమనుషులకూ వర్తిస్తుంది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన ఇలాంటి కేసును, బాలిక తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. రెండు లక్షలు ముట్టాయంటే, డబ్బు కోసమే కేసు పెట్టారని వాదించడానికి అవతలి వకీలుకు మీరే ఆధారం ఇచ్చినట్టు.

పన్నెండేళ్లు నిండని బిడ్డ కాబట్టి శిక్ష ఐదు నుంచి ఏడేళ్లు. మూడేళ్లు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. మూడు వారాలు ఎందుకు ఆగారో ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. నిన్ననే తెలిసిందని రాయమనేవాళ్లు ఉంటారు. వినకండి. ఆ వాయిస్‌ మెసేజ్‌ తేదీయే మిమ్మల్ని పట్టిస్తుంది. కేసు గట్టిపడాలని పాప చెప్పనిది ఒక్క ముక్క కూడా చేర్చకండి.

ఇక ఆ వీడియో. ఎంత పొరపాటు చేశారమ్మా! ఈ కేసు నిలిచేది పాప మాట మీద. నమ్మదగ్గదని తోస్తే కోర్టు ఆ ఒక్క సాక్ష్యంతోనే శిక్ష వేయగలదు. అలాంటి మాటను కెమెరా ముందు చెప్పించి ఊళ్లోకి వదిలారు. తల్లే నేర్పి పలికించిందని రేపు అంటారు. బిడ్డ ఎవరో బయటపెట్టడం 23వ సెక్షన్‌ కింద మీ మెడకే చుట్టుకోవచ్చు. గ్రూపులోంచి ఇప్పుడే తీసేయండి. ఫోన్లో ఉన్న అసలు వీడియో మాత్రం చెరపకండి, కత్తిరించకండి. వాయిస్‌ మెసేజ్‌ కూడా అంతే, వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్‌ ఉంటే ఆపేయండి. రెండూ దర్యాప్తు అధికారికి చూపించండి. పాపను మళ్లీ ఎవరూ అడగొద్దు. మొదటి రోజు మీతో ఏమందో, ఆ పిల్ల మాటల్లోనే కాగితం మీద రాసి పెట్టుకోండి.

స్టేషన్‌కు పాపను తీసుకెళ్లక్కర్లేదు. పుట్టిన సర్టిఫికెట్‌ తీసుకుని మీరు వెళ్లండి. పాప వాంగ్మూలం ఇంటి దగ్గరే, యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి. ఎఫ్‌ఐఆర్‌ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. కేసు కట్టకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ దగ్గరికి వెళ్లొచ్చు. తోడు కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్‌ 1098కి ఫోన్‌ చేయండి. కోర్టులో పాప అతని ఎదుట పడకుండా చూస్తారు, వకీళ్ల ప్రశ్నలు కూడా జడ్జి ద్వారానే వస్తాయి. బిడ్డ వైద్యానికి, అవసరాలకు మధ్యంతర పరిహారం ఇమ్మని ప్రత్యేక కోర్టును అడగొచ్చు.

ఆ ట్యూషన్‌కు ఇంకా ఎవరి పిల్లలు వెళ్తున్నారో ఫిర్యాదులో రాయండి. రేపటి దాకా ఆగకండి.