మేకు దిగిన పాదానికి టీటీ ఒక్కటే సరిపోతుందా?
షూ వేసుకునే ఉన్నా మేకు పాదంలోకి దిగింది, రక్తం పెద్దగా రాలేదు, టీటీ చేయించుకున్నాను, ఇక భయం లేనట్టేనా అని అడిగారు. టీటీ ధనుర్వాతం రాకుండా కాపాడుతుంది. చీము పట్టకుండా ఆపడం దాని వల్ల కాదు. పైగా రక్తం పెద్దగా కారలేదంటే మురికి లోపలే ఉండిపోయి ఉండొచ్చు.

నాకూ ఇలాగే స్పోర్ట్స్ షూలోంచి మేకు దూసుకొచ్చి బొటనవేలి మొదట్లో దిగింది. పైకి పెన్నుతో పెట్టిన చుక్కంత కూడా లేదు. డాక్టరుగారు కాలి కంటే ముందు షూ, సాక్సు చూపించమన్నారు. సాక్సు చిల్లు దగ్గర గుడ్డ కొంచెం లేదు. మత్తిచ్చి రంధ్రాన్ని కాస్త వెడల్పు చేస్తే నల్లటి రబ్బరు తునక, దానికి చుట్టుకున్న నూలుపోగులు బయటపడ్డాయి. శుభ్రంగా కడిగి, కుట్లు వేయకుండా వదిలేశారు. కుట్టేస్తే మిగిలిన మురికి లోపలే ఉండిపోతుందట.

అందుకే షూ, మేకు రెండూ పట్టుకెళ్లండి. మొన విరిగిందో లేదో మేకు చూస్తే తెలుస్తుంది. ఎక్స్‌రేలో ఇనుము, గాజు కనబడతాయి గానీ చెక్క, రబ్బరు సాధారణంగా కనబడవు. వాటికి అల్ట్రాసౌండ్ చేస్తారు.

షూ మీదుగా దిగిన మేకుతో ఇంకో చిక్కుంది. చెమట పట్టిన షూలో సూడోమోనాస్ అనే బాక్టీరియా ఉండొచ్చు. వేళ్ల మొదళ్లలో ఎముకలు, కీళ్లు చర్మానికి బాగా దగ్గర కాబట్టి అది ఎముక దాకా పాకే ప్రమాదం ఉంది. మామూలుగా ఇచ్చే చాలా యాంటీబయాటిక్స్ దాని మీద పనిచేయవు. మెడికల్ షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగడం వద్దనేది ఇందుకే.

టీటీ సంగతికొస్తే, మురికి గాయానికి చివరి డోసు వేసి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు, శుభ్రమైన చిన్న గాయానికైతే 10. తుప్పుకీ ధనుర్వాతానికీ నేరుగా సంబంధం లేదు. ఆ క్రిమి మట్టిలో ఉంటుంది, మట్టి అంటితే కొత్త మేకైనా ఒకటే.

గుచ్చుకోగానే కుళాయి ధార కింద సబ్బుతో కడగాలి. రంధ్రంలో పుల్లలు పెట్టి కెలకొద్దు. మేకు లోతుగా ఇరుక్కుంటే లాగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైనా, వాపు, ఎరుపు పాకినా, కాలు మోపలేకపోయినా ఆగకండి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు ఆ నొప్పి కూడా తెలియదు, వాళ్లు ఆ రోజే చూపించుకోవాలి.

ఇంతకీ మీకు టీటీ వేసినప్పుడు ఎవరైనా ఆ రంధ్రాన్ని పరీక్షించారా? లేదంటే ఆ షూ పట్టుకుని ఇంకోసారి వెళ్లండి.