కాకి ముట్టిన పిండం, 21 గ్రాముల ఆత్మ

ప్రశ్న: నాన్నగారి సంవత్సరీకం నాడు దుర్గా ఘాట్‌లో పెట్టిన పిండాన్ని కాకి వెంటనే ముట్టింది. ఆయనే వచ్చారని అమ్మ నమ్మకం. ఆత్మ బరువు 21 గ్రాములని శాస్త్రమే తేల్చిందంటారు మా బావగారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ అంకె 1907లో అమెరికా వైద్యుడు డంకన్ మెక్‌డూగల్ ప్రకటించినది. మరణశయ్యపై ఉన్న ఆరుగురిని మంచంతో సహా తూచిన ఆయన, ఇద్దరి ఫలితాలను తానే పక్కన పెట్టారు. మిగిలినవారి లెక్కలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. 21 గ్రాములన్నది ఒక్క రోగి విషయంలో వచ్చిన అంకె.

ఇంతకన్నా జాగ్రత్తగా జరిగిన పరిశీలన 2014లో వెలువడింది. గుండె ఆగి బతికినవారిలో కొందరు పైనుంచి తమ శరీరాన్ని చూశామంటారు కనుక, పైనుంచి చూస్తే తప్ప కనిపించని బొమ్మలను ఆసుపత్రి గదుల్లో ఎత్తుగా అమర్చారు. గుండె ఆగిన 2,060 సందర్భాలు నమోదైనా బొమ్మను చూశానన్నవారు ఒక్కరూ లేరు. అయితే వాటిలో ఎక్కువ భాగం బొమ్మలు లేని చోటనే జరిగాయి కాబట్టి, దీన్నిబట్టి ఏదీ తేల్చలేము.

కాకి సంగతి వేరు. నిత్యం పిండాలు పెట్టే రేవులో కాకులకు ఆ వేళ బాగా తెలుసు. ఇంటి డాబా మీద పెట్టి మధ్యాహ్నం దాకా ఆకాశం చూసినవారిని అడగండి. అమ్మగారు మీకు రుజువు చూపడం లేదు, భర్తకు అన్నం అందిందని చెప్పుకుంటున్నారు. ఆమెతో వాదన వద్దు. బావగారిని మాత్రం ఆ మిగతా ఐదుగురి సంగతేమిటని అడగండి.