రాత్రి 2 గంటలకు పడకగది 43 డిగ్రీలు: మీ నమూనాకు సమాధానం

నమస్కారమండి. విజయవాడలో పై అంతస్తు ఫ్లాటుకు ఎనర్జీప్లస్‌లో (భవనంలోని వేడిని, విద్యుత్ వాడకాన్ని నమూనాగా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఏసీ లేకుండా లెక్క వేస్తే, మే నెల రాత్రి 2 గంటలకు బయట 30 డిగ్రీలుండగా పడకగదిలో 43 వస్తోందని రాశారు. ఎండ లేని వేళ 13 డిగ్రీల తేడా నిలిచిందంటే, వేడి లోపలికి రావడం కంటే బయటికి పోకపోవడాన్నే ముందుగా అనుమానించాలి.

మీరిచ్చిన గాలి మార్పిడి (గదిలోని గాలంతా పోయి బయటి గాలి రావడం) గంటకు 0.5 సార్లు మాత్రమే. 36 ఘనపు మీటర్ల గదికి ఆ లెక్కన ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 6 వాట్ల వేడే గాలితో బయటికి పోతుంది. అంటే 13 డిగ్రీలకు 78 వాట్లు, పాత రకం సీలింగ్ ఫ్యాను ఒక్కటి విడిచేటంత. మన ఊళ్లో వేసవి రాత్రి కిటికీలు తీసి పడుకునే ఇంటికి ఇది ఏమాత్రం సరిపోదు. బయటి గాలి చల్లగా ఉన్నప్పుడే తెరుచుకునేలా వెంటిలేషన్‌ను విడిగా చేర్చి, గంటకు 5 సార్లు ఇచ్చి చూడండి. ఒక్కో డిగ్రీకి 60 వాట్లు పోతాయి.

అప్పటికీ తగ్గకపోతే, దీపాల మొత్తం వాట్ల అంకెను చదరపు మీటరుకు వాట్లుగా ఇచ్చారేమో చూడండి. ఈ పొరపాటు చాలా తరచుగా కనిపిస్తుంది. పైకప్పు సౌర శోషణ విలువను (ఎండలో ఎంత భాగాన్ని పీల్చుకుంటుందో), కిటికీలపై సజ్జాలను ఆ తరువాత సరిచూడవచ్చు. మార్పులన్నీ ఒకేసారి చేయకుండా, ఒక్కోదాని తరువాత గది ఉష్ణ సమతుల్యపు ఫలితాలను (లోపలికి వచ్చే, బయటికి పోయే వేడి లెక్క) గంటల వారీగా తీసి ఇక్కడ పెట్టండి, తప్పక చూస్తాను.