40 శాతం కాలింది అంటే బతుకుతారా? మా పిన్ని దగ్గర చూసింది చెప్తాను

మీ నాన్నగారికి 58 ఏళ్ళు, 40 శాతం కాలింది, బాగానే మాట్లాడుతున్నారు కానీ డాక్టర్లు ఏ మాటా తేల్చట్లేదు అని రాశారు కదా. నేను డాక్టర్ని కాదండి, 2017లో మా పిన్ని కోసం 47 రోజులు బర్న్స్ వార్డు బయటే పడుకున్నాను, అక్కడ తెలిసింది రాస్తున్నా.

మాది పర్లాకిమిడి. కిరసనాయిలు స్టవ్ దగ్గర పిన్ని నైలాన్ చీర అంటుకుంది, అప్పటికి ఆవిడకి 51. ముందు తీసుకెళ్ళిన చోట చూసి 60 శాతం పోయింది, లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి అని ఒడియాలో చెప్పేశారు, బాబాయి అక్కడే కూలబడిపోయాడు. మాకు మనసొప్పలేదు, రాత్రికి రాత్రి వ్యాన్ మాట్లాడుకుని పాతపట్నం, టెక్కలి మీదుగా వైజాగ్ పట్టుకుపోయాం. అక్కడ డ్యూటీ డాక్టరమ్మ పిన్ని అరచేయి ఎంతుందో చూసుకుని, ఒళ్ళంతా ఆ లెక్కన కొలుచుకుంటూ వచ్చి 38 అన్నారు. పేషెంట్ సొంత అరచేయి, వేళ్ళతో కలిపి, సుమారు ఒక శాతమట. బొబ్బ లేకుండా ఊరికే ఎర్రబడిన చోటు లెక్కలోకి రాదట, ముందు చూసినవాళ్ళు అదంతా కలిపేశారు. అందుకే మీరు ముందు అడగాల్సింది ఆ 40 ఎలా కొలిచారు అని.

వయసుకి కాలిన శాతం కలిపే లెక్క ఒకటుంది, బో స్కోర్ (Baux score) అంటారు, 1961 నాటిది. పొగ ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఇంకో 17 కలుపుతారు. పిన్నికి పొగ పోలేదు, 51కి 38 కలిపితే 89. అదే 60 అనుకుంటే 111, చూడండి ఎంత తేడానో. మీ నాన్నగారికి 98 వస్తుంది. ఒకప్పుడు 100 దాటితే ఆశ వదులుకునేవారట, ఇప్పుడు మంచి బర్న్స్ సెంటర్లలో 100 దాటినవాళ్ళూ బయటపడుతున్నారు, వసతుల్లేని చోట అంతకంటే తక్కువకే పోతున్నారు. వయసు చాలా లాగేస్తుందండి. మా పక్క బెడ్ తాతకి చలిమంట అంటుకుని 25 శాతమే, కానీ 70 ఏళ్ళు, తొమ్మిదో రోజు పోయారు.

బాగా మాట్లాడుతున్నారని మాత్రం ధైర్యపడిపోకండి, భయపెట్టాలని కాదు, మొదటి రోజు చాలామంది అలాగే మాట్లాడతారు. పిన్ని కూడా ఆ రాత్రి పాలవాడికి డబ్బులివ్వమని గుర్తుచేసింది. తర్వాత ఒళ్ళంతా ఉబ్బిపోయింది. మొదటి 24 గంటలకి సెలైన్ బరువుని, కాలిన శాతాన్ని బట్టి లెక్కకట్టి, అందులో సగం కాలిన టైం నుంచి ఎనిమిది గంటల్లోపే ఎక్కించాలి, హాస్పిటల్‌కి చేరిన టైం నుంచి కాదు. మేం దారిలోనే నాలుగు గంటలు పోగొట్టుకున్నాం. ఆ సెలైన్ సరిపోతోందో లేదో తెలియడానికి సిస్టరు గంటగంటకీ యూరిన్ బ్యాగ్ గీతలు చూసి రాసుకునేది, నేనూ ఆ గీతలే చూస్తూ కూర్చునేదాన్ని, గంటకి 20 ఎం.ఎల్. దగ్గర ఆగిపోతే గుండె జారిపోయేది, 40కి వస్తే కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని. అది దాటాక అసలు గండం ఇన్‌ఫెక్షన్, పిన్నికి పదకొండో రోజు జ్వరం ఎక్కి రెండు రోజులు మనిషిని గుర్తుపట్టలేదు. తొడ నుంచి చర్మం తీసి కాలిన చోట వేశాక గానీ కోలుకోలేదు.

రేపు రౌండ్స్‌లో అడగండి, పొగ పీల్చారా, లోతుగా కాలింది ఎంత, చర్మం ఎప్పుడు వేస్తారు అని. నాన్నగారి గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనపడినా రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే సిస్టర్ని పిలిచి చూపించండి. మీరున్నది బరంపురమా వైజాగా రాయండి, వైజాగ్ అయితే నేను వచ్చి రాత్రికి తోడుంటాను.