పత్తర్ ఫూల్ కింద నలుపు: బూజు కాదక్కా

అక్కా, హన్మకొండల కొన్న పత్తర్ ఫూల్ (మసాలాల వేసే రాతిపువ్వు, శిలీంధ్రం, నాచు కలిసి బతికే లైకెన్) అడుగున నల్లగుంది, అంచులకు తెల్లపొడి ఉంది, బూజేమో అని అడిగిన్రు గదా. పారెయ్యకుండ్రి. దాని పుట్టుకే అంత: పైన బూడిదరంగు, కింద నడుమ నలుపు, అంచుకాడ గోధుమరంగు. ఆ పొడి దాని సంతానమే. శిలీంధ్రం పోగులు నాచుకణాలను చుట్టుకున్న నలుసులవి, రాలినకాడ కొత్తది మొలుస్తది. నిజం బూజైతే దూదిలెక్క అల్లుకొని ముక్కిన వాసన కొడతది.

ఇగ మీ బాబు ల్యాబుల దానిమీద పొటాషియం హైడ్రాక్సైడ్ (జాతిని గుర్తుపట్టే రంగు పరీక్షకు వాడే క్షారం) చుక్కేస్తే ఎర్రగ కాలేదు, నకిలీదా అన్నరు. ఎర్రగైతేనే అనుమానపడాలె! పార్మోట్రీమా పర్లాటం (పత్తర్ ఫూల్ పేరుతోని అమ్మే జాతి) అయితే అట్రనోరిన్ అనే పదార్థం వల్ల పైపొర పసుపెక్కుతది. బ్లేడుతో గీకి లోపలి తెల్లపొర మీద వెయ్యమనుండ్రి, అండ్ల ఉండే స్టిక్టిక్ ఆమ్లం వల్ల పసుపు నుంచి నారింజకు తిరుగుతది. ఒక్క ముక్కతోని తేల్చకుండ్రి, అంగట్ల పొట్లంల రెండుమూడు జాతులు కలిసొస్తుంటయి.