పట్టా లేని ఉమ్మడి భూమి

ప్రశ్న: తాతల నాటి నుంచి అనుభవిస్తున్న అడవిని, పట్టా లేదన్న సాకుతో ప్రభుత్వం కంపెనీకి ఇస్తే, ఆదివాసులకు అంతర్జాతీయ న్యాయం అండగా నిలుస్తుందా? – ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: నిలిచిన సందర్భం ఉంది. మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో మయాంగ్నా ఆదివాసుల ఊరు అవాస్ తింగ్ని. అక్కడివారు వేటాడి, సాగు చేసుకుని బతికే అడవిలో సుమారు 62 వేల హెక్టార్లలో కలప నరుక్కోవడానికి, వారి సమ్మతి లేకుండానే, 1996లో ప్రభుత్వం కొరియా కంపెనీ అనుబంధ సంస్థకు 30 ఏళ్ల అనుమతి ఇచ్చింది. అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2001 ఆగస్టు 31న, అమెరికా ఖండాల దేశాల మానవ హక్కుల ఒడంబడిక 21వ అధికరణంలోని ఆస్తి హక్కు ఉమ్మడి భూమికీ వర్తిస్తుందనీ, కాగితం లేకున్నా తరతరాల అనుభవమే గుర్తింపు కోరడానికి చాలుననీ తీర్పు చెప్పి, 15 నెలల్లో హద్దులు తేల్చి పట్టా ఇవ్వమంది. అమలు చేయాల్సింది ఆ ప్రభుత్వమే కనుక, పట్టా చేతికి అందింది మాత్రం 2008 డిసెంబరులో. ఈ జాప్యం క్షమించరానిది.